అరువు ఆకలి

ఆ ఉదయం ఆకాశం పొయ్యి మీంచి దించిన కుండ అడుగులా మసిబారి గోదావరి మీదికి వంగి ఉంది. వాన కురవడమూ లేదు, మబ్బు కదలడమూ లేదు. ఎగువన ఎక్కడ కురిసిందో, రేవు మెట్ల దగ్గర నీళ్ళు మాత్రం ఎరుపు తిరిగాయి.

రాజమండ్రి ఇన్నీసుపేట సందులో, తన అద్దె గది ముందర కూచుని నూకరాజు ఆ మబ్బుకేసి చూసి త్రేన్చాడు. నిన్న సాయంత్రం కోటగుమ్మం దగ్గర తిన్న మసాలా బజ్జీ ఇంకా గొంతులోనే కాపురం ఉంది.

అతని భార్య వరహాలమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి తెచ్చి పక్కన పెట్టింది.

“తినవయ్యా.”

“వద్దే. బరువుగా ఉంది.”

“ఎందుకుండదు? ఊళ్ళో పొయ్యిలన్నిటి మీదా ఉడికింది నీ పొట్టలోకే ఎల్తంటే, పెళ్ళాం వండిందానికి చోటెక్కడిది? రాత్రి వంకాయ కూర సందు చివర ఆవుకెట్టాను. అది నీకంటే నయం. తిని, నాకేసి చూసి తలూపింది.”

“ఉద్యోగవే వరాలూ.”

“ఉద్యోగం! మీ ఆయన ఏం పని చేత్తాడని మా వదిన అడిగితే, తింటాడని సెప్పనా? సెప్తే నవ్వదూ?”

నూకరాజుది మొదట్నించీ మాట పొదుపు. గిన్నె దగ్గరికి లాక్కుని రెండు ముద్దలు బలవంతాన మింగాడు. మిగిలినదాని మీద మూత పెట్టాడు. పారెయ్యడం అతనికి చేతగాని పని.

ఒకప్పుడు గోదావరి మధ్య లంకలో పొలం ఉన్నవాడు నూకరాజు. రెండేళ్ళ కిందటి వరద ఆ పొలాన్ని ఒడ్డుతో సహా కోసుకుపోయింది. అరటి తోట అరటి తోటే, నిలబడింది నిలబడ్డట్టుగా నీళ్ళలోకి నడిచిపోయింది. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ ఈ ఊరొచ్చి, హార్మోనిస్టు సోమలింగం మేష్టారింట్లో కాపలా పని కుదుర్చుకున్నారు. కాపలావాడు తినేవాడెలా అయ్యాడో చెప్పాలంటే మేష్టారి గొంతు సంగతి చెప్పాలి.

సోమలింగం మేష్టారు నలభయ్యేళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. తెల్లవార్లూ నాటకం, నాటకమయ్యాక తిండి. పాత ఊళ్ళో ఏ సందులో ఏ పొయ్యి ఎప్పుడు రాజుకుంటుందో, ఏ పెసరట్టు పెనం మొదటి వాయికి అంటుకుంటుందో, ఏ కిళ్ళీ కొట్టువాడు సున్నం ఎక్కువ రాస్తాడో ఆయనకి రాగాల కంటే బాగా తెలుసని పేటలో చెప్పుకునేవారు. పోయినేడు ఆయన గొంతులో పుండు లేచింది. కోసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది, మింగడం పోయింది. పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. జావ, పాలు, పళ్ళరసం, ఏదైనా వడగట్టి అందులోంచే పోస్తారు. మనిషిని పిలవాలంటే మంచం పక్కనున్న హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కుతారు, మరీ చెప్పాల్సిందుంటే పలక మీద రాస్తారు.

ఆయన కూతురు ఇందుమతి నరాల మీద పరిశోధన చేసే డాక్టరు. బెంగుళూరులో ఉద్యోగం మానుకుని, తన యంత్రాలతో సహా వచ్చి మేడ మీద చేరింది. ఒకరోజు కాపలా ఉన్న నూకరాజుని పైకి పిలిచి, చెవి వెనక బొట్టుబిళ్ళంత పట్టీ ఒకటి అతికించింది.

“ఈ చింతపండు నోట్లో వేసుకోండి నూకరాజు గారూ.”

వేసుకున్నాడు. కింద గదిలో హార్మోనియం కీచుమంది. ఇద్దరూ దిగి చూస్తే మేష్టారు మంచం మీద లేచి కూచుని, కళ్ళు చిట్లించి, చెంపలు లోపలికి పీల్చుకుని ఉన్నారు. ఆయన చెవి వెనకా అలాంటి పట్టీయే ఉంది. నోట్లో మాత్రం ఏమీ లేదు.

“నాలుకకి తగిలిన రుచి నరం పట్టుకుని చెవి పక్కగా తలకెక్కుతుంది,” అంది ఇందుమతి, కళ్ళు తుడుచుకుంటూ. “ఆ దారిలో మీ దగ్గర పట్టుకున్నాను, నాన్న దగ్గర వదిలాను. అంతే.”

“ఆయ్,” అన్నాడు నూకరాజు. అతనికి తెలిసింది ఒకటే. తన నోట్లో పులుపు ముసలాయన నోట్లో పులిసింది.

అంతకు ముందు పేటలో కుర్రాళ్ళని పెట్టి చూసిందట. గుట్కా నమిలిన నాలుకలు, ఏం తిన్నా సున్నం రుచే పంపాయి. నూకరాజు నాలుక ఏ అలవాటూ లేని నాలుక. అందుకని రోజూ సాయంత్రం పాత ఊరంతా తిరిగి, మేష్టారు కోరింది తినడం అతని పనైంది. బయల్దేరేటప్పుడు ఇందుమతి స్టీలు మూతగిన్నె ఒకటి చేతికిచ్చింది.

“మింగక్కర్లేదండి. నమిలి, రుచి తెలిశాక ఇందులో ఉమ్మెయ్యండి. రోజూ అవన్నీ మింగితే మీ ఆరోగ్యం ఏం కావాలి?”

“ఆయ్.”

మొదటిరోజు పుణుగు నోట్లో పెట్టుకుని, నమిలి, గిన్నె మూత తీశాడు కూడా. తీసి, అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు లంకలో వరదొచ్చిన ఏడు వాళ్ళమ్మ కింద పడ్డ మెతుకుని ఏరి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకునేది. నోట్లో పడ్డదాన్ని బయటికి ఉమ్మడం జ్వరం మనిషికి తప్ప ఎవరికీ చెల్లదు. నూకరాజు మింగేశాడు. మింగి, మూత పెట్టేశాడు.

ఆ గిన్నె రోజూ శుభ్రంగా వెళ్ళి శుభ్రంగా తిరిగొచ్చేది. వరహాలమ్మ ఎందుకైనా మంచిదని దాన్ని రోజూ తోమేది. ఇందుమతి ఏనాడూ మూత తీసి చూడలేదు. ఒకరి ఎంగిలి గిన్నెలోకి తొంగి చూసే అలవాటు ఆ ఇంట్లో లేదు.

అలా నెలలు గడిచాయి. చెవి వెనక పట్టీ, చెవిలో ఫోను. ఫోన్లోంచి మేష్టారి హార్మోనియం దారి చెప్పేది. కింది మెట్టు ఆపకుండా మోగిందంటే ఇంకో ముద్ద. పై మెట్లు గబగబా మోగాయంటే ముందుకి నడువు. నూకరాజు ఆ స్వరాల వెంట మెయిన్‌రోడ్డు మీద రోజ్‌మిల్క్ తాగాడు, దేవీచౌక్ పక్క సందులో పెసరట్టు తిన్నాడు, గోదావరి గట్టు మీద మరమరాల పిడత కింద పప్పు నమిలాడు, మొదటాట వదిలేవేళ సినిమా హాలు ముందు గోళీ సోడా కొట్టించుకున్నాడు. బట్టల కొట్టు మేడ మీద నాటకం వాళ్ళు రిహార్సలు చేస్తుంటే మెట్ల మీద కూచుని ఆ పద్యాలు మేష్టారికి వినిపించాడు. వాయించేవాడు తప్పు మెట్టు నొక్కితే ఫోన్లో మేష్టారు విసురుగా సరైన మెట్టు నొక్కేవారు.

ఒకసారి బ్రాందీ షాపు ముందుకొచ్చేసరికి కింది మెట్టు మోగి, ఇక ఆగలేదు.

“అదొక్కటీ నావల్ల కాదండి మేష్టారూ,” అన్నాడు నూకరాజు. “మా అమ్మకి మాటిచ్చానండి.”

హార్మోనియం తిత్తిలోంచి గాలి మెల్లగా, నిట్టూర్పులా పోయింది.

కోటగుమ్మం దగ్గర బజ్జీల బండి ముసలమ్మకి ఈ కథంతా తెలుసు. “ఏం బాబూ, మేష్టారు ఇయ్యాల ఏం పుచ్చుకుంటారంట?” అని అడిగేది. బజ్జీ చీల్చి, ఉల్లిపాయ దట్టించి, నిమ్మకాయ పిండి ఇస్తూ, “నువ్వు తింటన్నావని కాదు సుమా, ఆయనకి పుల్లగుండాలని పిండాను,” అనేది. ఆ తర్వాత నూకరాజు చెవి దగ్గరికి వంగి, “మేష్టారండీ, కులాసాయేనా?” అని పట్టీకేసి కేకేసేది. బండి దగ్గర జనం నవ్వేవారు. నూకరాజు నవ్వేవాడు కాదు. మొదట్లో బజ్జీ అతనికీ బాగానే ఉండేది. రాన్రాను పులుపూ కారం తీపీ, అన్నీ అతని నోటిగుండా ఇంకో ఊరు పోయే బాటసారులైపోయాయి. సత్రం అరుగులా పడుండటమే తన వంతు.

ఆ మబ్బు ఉదయం అతను మేష్టారింటికి వెళ్ళేసరికి ఇందుమతి వీధి మెట్ల మీద కూచుని ఉంది. ఒళ్ళో జావ గ్లాసు నిండుగా ఉంది, మీద తెట్టు కట్టింది.

“ఈ పూటా వద్దన్నారా అండి?”

“గొట్టం దగ్గరికి చెయ్యి రానివ్వడం లేదు నూకరాజు గారూ. కాసిని పోస్తే వెనక్కి వచ్చేస్తున్నాయి. కడుపు నిండిపోయిందని చేత్తో చూపిస్తున్నారు. ఏం తిన్నారని నిండుతుంది? ఇలాగే ఉంటే నిలబెట్టలేమని హాస్పిటల్లో చెప్పేశారు.”

నూకరాజు లోపలికి తొంగి చూశాడు. మేష్టారు గోడకి చేరగిలి కూచున్నారు. చొక్కా తాలూకు మనిషి ఎక్కడికో వెళ్ళి, చొక్కాని మంచం మీద వదిలేసి పోయినట్టుంది. మొహం మాత్రం విందు భోజనం చేసి లేచినవాడి మొహంలా తృప్తిగా ఉంది. అది చూస్తే నూకరాజుకి భయం వేసింది.

ఇందుమతి అతన్ని మేడ మీదికి తీసుకెళ్ళి యంత్రం తెర చూపించింది. రెండు గీతలు పాముల్లా పాకుతున్నాయి.

“రాత్రంతా ఇదే చూస్తున్నాను. ఇది మీ నాలుక గీత. దాని కింద ఈ సన్నది చూశారా? ఇది కడుపు నుంచి తలకెక్కే నరం. అదీ చెవి పక్కగానే పోతుంది. ఇది లేవకూడదు. మీరు ఉమ్మేస్తున్నప్పుడు కడుపుకి పనేముంది?” ఆగి, అతని వంక చూసింది. “ఉమ్మేస్తున్నారు కదా?”

“లేదండి.”

“అదేంటి?”

“తిండి కదండీ.”

ఇందుమతి కుర్చీలో కూలబడింది. “గిన్నె ఇచ్చాను కదా రోజూ.”

“ఆయ్. మా వరాలు రోజూ తోమి పెడతందండి.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“తవరు అడగలేదండి.”

ఆమె తెరకేసి చూస్తూ తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది. “నేనూ గిన్నె చేతికిచ్చి నా పనైపోయిందనుకున్నాను. ఒక్కరోజు మూత తీసినా తెలిసేది. నాన్నకి రుచి పంపుతున్నాననుకున్నాను. మీ కడుపు నిండటం కూడా పంపాను. రోజూ భోజనం అయిపోయిందనే అనుకుంటోంది ఆయన ఒళ్ళు. మరి ఎందుకు అడుగుతుంది?”

నూకరాజు మెట్లు దిగి వచ్చి మేష్టారి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముసలాయన అతన్ని చూసి, సాయంత్రం ఎటు వెళ్దామన్నట్టు పై మెట్లు రెండు సరదాగా నొక్కారు. అన్నం పారెయ్యకూడదని తను మింగిన మింగుడు ఈయనకి అన్నం లేకుండా చేసింది. ఎంత కలిపి చూసుకున్నా ఆ లెక్క నూకరాజుకి మింగుడు పడలేదు.

ఆ సాయంత్రం అతను ఉమ్మాడు. గట్టు మీద పిడత కింద పప్పు నమిలి, చుట్టూ చూసి, కళ్ళు మూసుకుని గిన్నెలో ఉమ్మాడు. ఫోన్లో హార్మోనియం పలకలేదు. రోజ్‌మిల్క్ పుక్కిలించి ఉమ్మాడు. పలకలేదు. బజ్జీ నమిలి ఉమ్మేసరికి బండి ముసలమ్మ గరిటె అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

“ఏం బాబూ, పాడైందా?”

“లేదమ్మా. బాగుంది.”

“బాగుంటే ఉమ్ముతారా ఎవరన్నా?”

అతను గిన్నె మీద మూత పెట్టుకుని నడిచి వచ్చేశాడు. గిన్నెలోది రేవు మెట్ల మీద కుక్కకి పెట్టాడు. అది వాసన చూసి, అతని మొహంలోకి చూసి, తోక ముడుచుకుని పోయింది.

ఇంటికొచ్చేసరికి మేష్టారు పట్టీ పీకేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. పలక మీద కోపంగా రాశారట, నోరు కడుక్కున్నట్టుందని. పట్టీ లేకుండానూ ఆయన జావ పోయనివ్వలేదు. ఇన్నాళ్ళ దొంగ నిండుదనం తర్వాత కడుపు అడగడమే మర్చిపోయిందని ఇందుమతి చెప్పింది. అది మళ్ళీ అడిగేదాకా ఆయన ప్రాణం నిలిచేటట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ మూతగిన్నె పట్టుకుని మేష్టారింటికి వచ్చింది. రాత్రి మొగుడు నిద్రపోలేదు. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక గిన్నె మీద చూపించి, తళతళా తోమి తెచ్చింది.

“ఇదుగోండి అమ్మాయిగారూ మీ గిన్నె. ఇన్నాళ్ళూ ఊరికే తోవాను. నిన్ననే దీనికి పని తగిలింది. ఈయన రాత్రంతా కూచుని చేతులు చూసుకుంటన్నాడు, పీక పిసికినోడిలాగ.”

“వరహాలమ్మా, ఇందులో ఆయన తప్పేం లేదు.”

“నాకు తెలుసండి లేదని. నింపడం నేర్పారు మీ పట్టీకి. కాళీ చెయ్యడం నేర్పలేదా? ఈయన్ని నాలుగు పూటలు పస్తు పడుకోబెట్టి తిప్పండి ఊరంతా. మీ నాన్నగారికీ తెలుత్తది ఆకలంటే ఏటో. నా వంట మీద ఈయనకీ కాస్త మరేద పుడతది.”

అనేసి, వెళ్ళిపోవడానికి తిరిగింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఇందుమతి జావ గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. ఆమె చూపు నూకరాజు మీద ఉంది, వెంటనే నేల మీదికి దిగింది.

“నేను అడగలేను,” అంది.

“అడక్కండి,” అన్నాడు నూకరాజు. “ఉంటాను.”

వరహాలమ్మకి అప్పటికి గానీ తన నోట ఏం మాట వచ్చిందో తెలియలేదు. “నేనేదో వాగానయ్యా! తొలేకాదశి నాడు కూడా మేష్టారి కోసం బజ్జీలు తిన్నోడివి, పస్తుంటావా నువ్వు?”

“ఏకాదశి పస్తు దేవుడికే. ఆయనకి నా తిండితో పనేంటి. ఈయనకుంది.”

నూకరాజు ఆ పూట తినలేదు. రాత్రి తినలేదు. మర్నాడు మంచినీళ్ళు తాగి కాపలా అరుగు మీద పడుకున్నాడు. మబ్బు అలాగే ఉంది. సాయంత్రం ఇందుమతి మేష్టారిని బతిమాలి పట్టీ పెట్టించింది. గిన్నె లేకుండా నూకరాజు బయల్దేరాడు.

ఖాళీ కడుపుతో చూస్తే ఊరు వేరేగా ఉంది. మెయిన్‌రోడ్డు మీద ప్రతివాడి దవడా ఆడుతోంది. కాజాల కొట్టు ముందు పిల్లాడు పాకం కారిన మోచెయ్యి నాక్కుంటున్నాడు. పెసరట్టు పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమంది. సోడా గోళీ ఠప్పున లోపలికి దిగింది. రిహార్సలు మేడ మీంచి ఎవరో రాగం తీసి, ఊపిరి చాలక మధ్యలో వదిలేశారు. దీపాలన్నీ వెలిగాయి. అన్నీ ఉన్నాయి. ఆకలి లేదు.

కాళ్ళు తేలిపోతున్నాయి, తల తిరుగుతోంది, కడుపు మాత్రం చలనం లేకుండా పడి ఉంది. నూనె వాసన తగిలితే వికారం పుడుతోంది. కోటగుమ్మం దగ్గర ముసలమ్మ పిలిచింది.

“ఏం బాబూ, మొహం అలా పీక్కుపోయింది? మేష్టారికి నా బజ్జీ మీద కోపం వచ్చిందా?”

“ఇయ్యాల వద్దమ్మా.”

“వద్దంటే వద్దులే. నిలబడు కాసేపు, పడిపోయేలా ఉన్నావు.”

నిలబడలేదు. చెవిలో ఇందుమతి గొంతు మెల్లగా వినిపించింది. “ఏమీ లేవడం లేదు నూకరాజు గారూ. నీరసం ఒక్కటే వస్తోంది. నాన్న పడుకుని ఉన్నారు. ఇక వచ్చెయ్యండి. మిమ్మల్ని కూడా చంపుకోలేను.”

అప్పుడు తెలిసింది నూకరాజుకి. ఇన్ని నెలల తిండిలో మేష్టారి కడుపే కాదు, తన కడుపూ అడగడం మానేసింది. ఆకలి కొత్త కాదని గొప్పగా వచ్చాడు. అది తనకి తెలియకుండానే లంకతో పాటు నీళ్ళలోకి పోయింది కాబోలు.

తిరిగి పోవడానికి అడ్డదారని పుష్కరాల రేవు మీదుగా నడిచాడు. ఎర్రనీళ్ళు మెట్లెక్కి వచ్చాయి. రేవు పైన రోడ్డు వారగా లంకల జనం వరదకి గేదెల్నీ, బిందెల్నీ, కోళ్ళ గంపల్నీ తెచ్చుకుని దిగారు. ప్రతి ఏడూ దిగేదే. ఒకామె మూడు రాళ్ళు పెట్టి నూకల జావ కాస్తోంది. పక్కన నిప్పుల మీద ఎండుచేప ఒకటి కాలుతోంది.

ఆ పొగ వచ్చి నూకరాజు మొహానికి తగిలింది.

ఉడికే నూకల వాసన, ఉప్పు, కాలిన చేప తోలు. వాళ్ళమ్మ ఇలాగే గట్టు మీద మూడు రాళ్ళు పెట్టేది. కడుపులో ఏదో కట్టు తెంచుకుని లేచింది. నోరంతా నీళ్ళు నిండాయి. కాళ్ళు వాటంతట అవే పొయ్యి దగ్గరికి నడిచాయి.

“ఏ లంకండి తవరిది?” అడిగింది ఆమె, అతని నడక చూసి.

“మా లంక ఇప్పుడు లేదమ్మా.”

ఆమె సత్తు గిన్నెలో జావ పోసి, చేప ముక్క తుంచి మీద వేసి అతని చేతుల్లో పెట్టింది. “తాగండి బాబూ. చిక్కగా లేదు గానీ ఏడిగా ఉంది.”

గిన్నె వేడి అరచేతుల్లోకి దిగింది. ఊరంతా కలిసి ఇన్ని నెలలు పెట్టిన తిండిలో అతనికి అడిగి కావాలనిపించింది ఇదొక్కటే. గిన్నె మూతి దాకా వచ్చింది. లంకల్లో పెట్టిన గిన్నె ఎవరూ వెనక్కి తిప్పరు. తిప్పితే శత్రువన్న మాట.

చెవిలో హార్మోనియం పలికింది. కింది మెట్టు. మొదట భయంభయంగా, గాలి చాలనట్టు. ఆ వెనక ఆగకుండా. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. ఇంకా మొదటి ముద్దే పడలేదు.

“నూకరాజు గారూ,” అంది ఇందుమతి. ఆ మోతలో ఆమె మాట సరిగా వినపడటం లేదు. “నాన్న లేచి కూచున్నారు. గొట్టం మూత ఆయనే తీసి పట్టుకున్నారు.”

నూకరాజు గిన్నె కళ్ళకద్దుకుని, ఒక్క చుక్క ఒలకకుండా పొయ్యి దగ్గరామె ముందు పెట్టాడు.

“తప్పుగా అనుకోకు తల్లీ. నాకంటే ముందు తినాల్సినాయన ఒకాయన ఉన్నారు. ఆయన తింటేగానీ నేను తినకూడదు.”

ఆమె అతని మొహంలోకి చూసింది. “ఎల్లిరండి మరి. ఆయన్ని ఆకలితో ఉంచకండి,” అంది.

హార్మోనియం దారి పొడుగునా మోగుతూనే ఉంది. ఆకలిని కుండలా నెత్తిన పెట్టుకుని, తొణక్కుండా, అతను ఇన్నీసుపేట దాకా నడిచాడు.

మేష్టారి గదిలో వరహాలమ్మ అప్పటికే నేల మీద విస్తర్లు వేసి ఉంచింది. అన్నం, పప్పు, వంకాయ కూర. మధ్యాహ్నం నుంచీ ఆ ఇంటి వంటింట్లోనే ఉందట, తిట్టుకుంటూ వండిందట. నూకరాజు వచ్చి విస్తరి ముందు కూచున్నాడు. చెయ్యి అన్నం మీదికి వెళ్ళింది.

“ఇప్పుడే కాదు,” అంది ఇందుమతి. “మీరు తింటే ఆయనకి నిండిపోతుంది.”

నూకరాజు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇందుమతి గొట్టంలో జావ పోసింది. సన్నగా దిగుతోంది. ఎదురుగా మంచం మీంచి మేష్టారు అతన్నే చూస్తున్నారు. విస్తరి మీద వేడన్నం, దాని ముందు తినకుండా కూచున్న మనిషి, తన కడుపులో కరకరలాడుతున్న ఆ మనిషి ఆకలి, మూడూ ఆయనకి ఒక్కసారే తెలిశాయి. కళ్ళు నిండాయి. గ్లాసు ఖాళీ అయింది. రెండో గ్లాసు పోయమని చేత్తో చూపించారు.

“రేపు కూడా ఇలాగే ఉండాలేమో నూకరాజు గారూ,” అంది ఇందుమతి, గొట్టం మీంచి చూపు తిప్పకుండా. “ఎల్లుండి కూడానేమో. ఆయన కడుపు తనంతట తను అడిగేదాకా. ఎన్నాళ్ళో నాకు తెలీదు.”

“రేపటిది రేపు చూద్దారండి.”

రెండో గ్లాసు సగంలో ఉండగా మేష్టారు చెయ్యెత్తి ఆపారు. వంగి, తన చెవి వెనక పట్టీ ఊడదీశారు. ఆ తర్వాత నూకరాజుకేసి చెయ్యి చాచారు. నూకరాజు తనదీ తీసి ఇచ్చాడు. రెండింటినీ హార్మోనియం మీద పెట్టి, మేష్టారు విస్తరివైపు వేలు చూపించారు. గొట్టం మాత్రం వదల్లేదు, తన చేత్తోనే ఎత్తి పట్టుకున్నారు. ఇందుమతి అనుమానంగా చూస్తూ మిగతా జావ మెల్లగా పోసింది. దిగింది. పట్టీ లేకపోయినా అది వెనక్కి రాలేదు.

ఆమె కూడా వచ్చి విస్తరి ముందు కూచుంది. వరహాలమ్మ అందరికీ వడ్డించి, తనూ కూచుంది. బయట మబ్బు కురవడం మొదలుపెట్టింది. నూకరాజు వంకాయ కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ ముద్ద ఎక్కడికీ పోలేదు, అతని నోట్లోనే ఉంది. మెల్లగా నమిలి మింగాడు. వరహాలమ్మ చెయ్యి అన్నంలోనే ఆపి అతన్ని చూస్తోంది.

నూకరాజు ఆమెకేసి చూసి తలూపాడు.